అర్జీ ఏ టేబుల్ మీద ఆగాలి? పడమటి ప్రకాశంలో ఒక తాగునీటి కేసు

పద్దెనిమిదేళ్ళుగా అర్జీలు రాయడమే నా పని. మొదట్లో ఒక తహసీల్దారు ఆఫీసు బయట వేపచెట్టు కింద టైపు మిషను పెట్టుకుని పేజీకి ఇంతని కొట్టేవాణ్ణి. ఇప్పుడు ఒంగోలులో ఒక గది ఉంది. పింఛన్లు, పాసుపుస్తకాలు, సమాచార హక్కు దరఖాస్తులు, ఊరుమ్మడి మహజర్లు అన్నీ అక్కడే. ఈ కేసు రాసి పెడుతున్నది గెలిచినందుకు కాదు, గెలిచింది సగమే. నేను అందరికీ ధైర్యంగా చెప్పే సలహాలు రెండు ఇందులో తిరగబడ్డాయి, అందుకని. ఊరి పేరు, మండలం, మనుషుల పేర్లు చెప్పను. గుర్తుపట్టే వీలున్న వివరాలు ఒకటి రెండు మార్చాను.

నేపథ్యం

కనిగిరి, పొదిలి, పామూరు మధ్య ఎక్కడో ఒక ఊరు అనుకోండి. మూడు వందల పైచిలుకు గడప, పదమూడు వందల జనం. పెద్దూరు, దాని పక్కనే ఎస్సీ కాలనీ, అర కిలోమీటరు అవతల మిట్ట మీద చిన్న పాలెం. కంది, కొంచెం పొగాకు, బోరు పడినవాళ్ళకు బత్తాయి.

ఈ ప్రాంతానికి ఫ్లోరైడు కొత్త కాదు. మన దేశంలో ఫ్లోరైడు తెచ్చే జబ్బు ఫ్లోరోసిస్‌ను వైద్యులు మొదటిసారి గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. కనిగిరి, పొదిలి, దర్శి ఆ రోజుల్లో నెల్లూరు జిల్లావే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చాయి, రెండేళ్ళకు దానికి ప్రకాశం పేరు పెట్టారు. ఊళ్ళో ఒక పెద్దాయన ట్రంకు పెట్టెలో పాత మహజరు నకలు ఒకటి ఉంది. 'మహారాజశ్రీ నెల్లూరు జిల్లా కలెక్టరు గారి దివ్య సముఖమునకు' అని మొదలవుతుంది. అడిగింది మంచినీళ్ళ బావి. కింద సంతకాల కంటే వేలిముద్రలే ఎక్కువ. ఆయన కాగితాన్ని తిప్పి ఒక ముద్ర మీద వేలు పెట్టి, "ఇది మా నాయనది" అన్నాడు.

తాగే నీళ్ళలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే దారి లేనప్పుడు 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని మన దేశ ప్రమాణం. ఈ ఊరి పంచాయతీ బోరు నీళ్ళలో మూడు దాటింది. కాచి చల్లారిస్తే పోతుందని చాలామంది నమ్మకం. పోదు, నీళ్ళు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీళ్ళలో ఇంకా చిక్కబడుతుంది. పళ్ళు ఏర్పడే వయసులో పిల్లలు ఈ నీళ్ళు తాగితే వచ్చే పసుపు గారలు ఏ పేస్టుతోనూ పోవు. ఎముకల్లోకి దిగాక మందు లేదు.

ఊరికి కాలవ నీళ్ళు తెచ్చే పథకం కూడా ఉంది. చెరువులో నిలవ చేసి, ఫిల్టరు చేసి, పంపులతో తోస్తే డజను ఊళ్ళ ఓవర్‌హెడ్ ట్యాంకుల్లోకి ఎక్కాలి. వరసలో ఈ ఊరిది చివరి ట్యాంకు. ఇంజనీర్లు టెయిల్ ఎండ్ అంటారు. రోజు మార్చి రోజు రావాల్సిన నీళ్ళు ఎనిమిది తొమ్మిది రోజులకొకసారి వచ్చేవి. ట్యాంకు ఖాళీగా ఉంటే జనం తిడతారని పంచాయతీ వాళ్ళు అదే ట్యాంకులోకి బోరు నీళ్ళు ఎక్కించేవారు. అంటే కుళాయి ఎప్పుడూ ఎండలేదు. ఈ కేసంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరిగింది, కానీ అది నాకు ఏడు నెలల తర్వాత గానీ అర్థం కాలేదు.

వాళ్ళు తెచ్చిన సమస్య

2021 చివర్లో ముగ్గురు వచ్చారు. ఒక రిటైర్డు మాస్టారు, ఒక మహిళా వార్డు మెంబరు, లాక్‌డౌన్లో హైదరాబాదు నుంచి వచ్చి ఇంటి నుంచే పని చేస్తున్న ఒక కుర్రాడు. చేతిలో నాలుగు పేజీల అర్జీ, మాస్టారి ఇంగ్లీషులో. పదకొండు కోరికలు: మంచినీళ్ళు, రోడ్డు, సైడు కాలవ, వీధి లైట్లు, శ్మశానం దారి, బస్సు, ఇంకా ఏవేవో. ముఖ్యమంత్రికి రాసి, కలెక్టరు నుంచి ఎంపీ దాకా తొమ్మిది మందికి నకళ్ళు. దానికి ఫలితంగా కుర్రాడి ఫోనుకు మెసేజి వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడినది అని. విచారిస్తే ఎవరో వచ్చి రెండు వీధి లైట్లు మార్చి వెళ్ళారట.

నాకు నవ్వొచ్చింది గానీ, అది మోసం కాదు. పదకొండు అడిగితే అందులో తేలికైనది చేసి ఫైలు మూసేసే అవకాశం మనమే ఇచ్చినట్టు. ముందు ఒకటి తేల్చుకోమన్నాను. సర్పంచి వర్గం రోడ్డు అన్నారు, మాస్టారు బస్సు అన్నారు. నేను నీళ్ళ వైపు మొగ్గాను. నీళ్ళు అన్నిటికంటే ముఖ్యమని కాదు, అది ఎవరికైనా తెలిసిందే. రోడ్డు బాగాలేదన్నది ఒకరి అభిప్రాయం, పర్లేదన్నది ఇంకొకరి అభిప్రాయం. నీళ్ళకు 1.5 అనే అంకె ఉంది. ఏ ఆఫీసరైనా అంకెతో వాదన పెట్టుకోడు.

రెండోది, భాష మార్చాను. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా మన బాధ చెప్పుకోవచ్చు. మాస్టారు కొంచెం నొచ్చుకున్నారు. "ఇంగ్లీషులో అయితే బరువుంటుంది కదా సార్" అన్నారు. బరువు మాట ఎలా ఉన్నా, కింద సంతకం చేసే మనిషికి తను దేని కింద చేస్తున్నాడో తెలియాలి. ఈ పట్టుదల నాకు వేపచెట్టు రోజుల నుంచీ ఉంది.

చేసి చూసినవి, పోయినవి

మొదటి తప్పు నాదే. సంతకాలు ఎన్ని ఎక్కువైతే అంత మంచిదని చెప్పాను. పది రోజుల్లో 412 సంతకాలు తెచ్చారు. సోమవారం కలెక్టరేటులో ఇచ్చాం. ఆ కార్యక్రమం పేరు 'మీ కోసం' అయింది, 'స్పందన' అయింది, ఇప్పుడు 'ప్రజా సమస్యల పరిష్కార వేదిక'. ప్రభుత్వంతో పాటు పేరు మారుతుంది గానీ సోమవారం మారలేదు. మూడు వారాలకు కింది స్థాయి నుంచి నివేదిక వచ్చింది. పథకం నీళ్ళు సరఫరా అవుతున్నాయి, కుళాయిల్లో నీళ్ళు వస్తున్నాయి, బోరు నీళ్ళ బాధ్యత పంచాయతీది. దాని కింద ఇంకో వాక్యం ఉంది. సంతకాల్లో ముప్పై దాకా ఒకే చేతిరాతలో ఉన్నాయని, అందులో ఒకాయన చనిపోయి ఏడాదైందని.

ఆ వాక్యం చదువుతుంటే నా చెవులు వేడెక్కాయి. కుర్రాళ్ళు ఇల్లిల్లూ తిరగలేక ఓటర్ల జాబితా ముందు పెట్టుకుని రాసేశారు. నేను చూసుకోలేదు. 380 నిజమైన సంతకాలు ఆ ముప్పైతో పాటే పోయాయి. అప్పట్నుంచి నా దగ్గరికి ఎవరు సంతకాలు తెచ్చినా పది మందికి నేనే ఫోన్ చేసి కనుక్కుంటున్నాను.

కుర్రాడు ఆగలేదు. కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్లో పెట్టాడు. ఆన్‌లైన్ పిటిషన్ ఒకటి మొదలుపెడితే హైదరాబాదు, బెంగుళూరు, అమెరికాలో ఉన్న ఈ వైపు వాళ్ళంతా సంతకాలు పెట్టారు. ఊళ్ళో పండగ చేసుకున్నంత పని అయింది. నేనూ వద్దనలేదు, పోయేదేముందిలే అనుకున్నాను. ఇది రెండో తప్పు. మంచినీళ్ళ సరఫరా రాజ్యాంగంలో రాష్ట్ర జాబితాలోది, ఏడో షెడ్యూలు రెండో జాబితాలో 17వ అంశం. ఇంటింటికీ కుళాయి ఇచ్చే జల్ జీవన్ మిషన్‌కు కేంద్రం డబ్బు సగం ఇస్తుంది గానీ, వాల్వు తిప్పేది ఇక్కడి మనిషే. ఢిల్లీ వెళ్ళిన ఫిర్యాదు అక్కడి నుంచి రాష్ట్రానికి, రాష్ట్రం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి డివిజనుకు దిగి, చివరికి మేం మొదట కలిసిన నీటి సరఫరా శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) టేబుల్ మీదికే వచ్చి వాలింది. ఆయన దాని మీద మూడు నెలల కిందటి నివేదికే మళ్ళీ రాసి పంపాడు. పైగా మనసులో పెట్టుకున్నాడు. "నా మీద ఢిల్లీకి రాశారంట గదా" అని వార్డు మెంబరమ్మను అందరి ముందూ అన్నాడు. దేశానికంతటికీ సంబంధించిన విషయమైతే ఢిల్లీకి రాయాల్సిందే. చట్టం మారాలనుకుంటే లోక్‌సభలో పిటిషన్ల కమిటీ అనేదే ఉంది, ఎంపీ ద్వారా వెళ్ళొచ్చు. మనది ఒక గేట్ వాల్వు సంగతి.

వేసవి వచ్చేసరికి ఆడవాళ్ళకు ఓపిక పోయింది. బిందెలతో రోడ్డు మీద కూర్చుంటామన్నారు. నేను వద్దన్నాను. అప్పుడొకామె, యాభై ఏళ్ళుంటాయి, నా మొహం మీదే అడిగింది. "దూబగుంట ఆడోళ్ళు అర్జీలు రాసుకుంటా కూర్చున్నారా అబ్బయా?"

మంచి ప్రశ్నే. ఈ రెండు జిల్లాల్లో ఎవరు ఆందోళన గురించి మాట్లాడినా దూబగుంట దాకా వెళ్ళకుండా ఉండరు. నెల్లూరు జిల్లాలో ఆ చిన్న ఊరి ఆడవాళ్ళు 1992లో సారాయి మీద లేచారు. ఆ వేడికి రాష్ట్రమంతటా 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఆమెకు నేను అప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. తర్వాత తట్టింది. సారా కొట్టు కంటికి కనపడేది, దాని ముందు కూర్చుంటే అది మూతపడేది. మా ఊరి సమస్య పైపు లోపల ఉంది. దేని ముందు కూర్చోవాలో మాకే తెలియదు.

కూర్చున్నారు. పేపర్లో ఫోటో వచ్చింది. పది రోజులు ట్యాంకర్లు వచ్చాయి, పదకొండో రోజు రాలేదు. పోలీసులు పేర్లు రాసుకుపోయారు. అందులో ఒకమ్మాయి కానిస్టేబులు పరీక్షకు చదువుతోంది, రెండు నెలలు ఆ ఇంట్లో ఒకటే టెన్షన్. చివరికి కేసేమీ పెట్టలేదు గానీ, ఆ తర్వాత ఆ వీధి వాళ్ళెవరూ మీటింగుకు రాలేదు.

ఇంకొక సంగతి ఆ రోజుల్లోనే గమనించాను, పెద్దగా ఎవరూ ఒప్పుకోరు. అర్జీ పట్టుకుని తిరిగే మా మాస్టారింట్లో, కుర్రాడింట్లో, సర్పంచి ఇంట్లో తాగేది కుళాయి నీళ్ళు కాదు. పక్క ఊరి ప్లాంటు నుంచి ఆటోలో వచ్చే ఇరవై లీటర్ల క్యాన్లు. కుళాయి నీళ్ళు తాగేది కాలనీ, పాలెం, పెద్దూరులో కూలి చేసుకునే ఇళ్ళు. వాళ్ళు సంతకం పెట్టారు, రోడ్డు మీద కూర్చున్నారు, కానీ వాళ్ళను ఎవరూ ఏమీ అడగలేదు. నేనూ అడగలేదు.

తలుపు వెనక గీతలు

2022 జూన్ చివర్లో కాలనీలో ఒకామె ఇంటికి వెళ్ళాను. అంగన్‌వాడీ ఆయా. దాహమేసి నీళ్ళడిగితే, "ఉండన్నా, ఇవి ఇయ్యాల్టివి కావు, మొన్నటి మంచివి ఉన్నయ్" అని లోపల్నుంచి వేరే బిందె తెచ్చింది. ఏమిటి తేడా అన్నాను. వంటింటి తలుపు వెనక్కి తిప్పి చూపించింది. బొగ్గుతో నిలువు గీతలు, వాటి మధ్య అక్కడక్కడ సుద్దతో తెల్ల గీతలు. నల్లది బోరు నీళ్ళు వచ్చిన రోజు, తెల్లది కాలవ నీళ్ళు వచ్చిన రోజు. రెండేళ్ళ నుంచి గీస్తోంది. వెల్ల వేసినప్పుడల్లా మళ్ళీ మొదలు.

"నీకెట్టా తెలుసమ్మా ఏవి ఏవో?"

"పప్పు చెబుతుంది గదన్నా. కాలవ నీళ్ళకైతే మూడు విజిళ్ళకు మెదిగిపోద్ది. బోరు నీళ్ళకు ఏడు కూతలేసినా గింజ గింజే."

ఆ తలుపు ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. తొమ్మిది నల్ల గీతలు, ఒక తెల్ల గీత. ఎనిమిది నల్లవి, ఒక తెల్లది. అప్పటిదాకా మేం రాసిన ప్రతి కాగితంలోనూ 'నీళ్ళు రావడం లేదు' అనే రాశాం. శాఖ వాళ్ళు వచ్చి కుళాయి తిప్పితే నీళ్ళు వచ్చేవి. వాళ్ళు అబద్ధం రాయలేదు, మేమే తప్పు రాశాం. నీళ్ళు రాకపోవడం కాదు సమస్య, ఏ నీళ్ళు వస్తున్నాయన్నది.

నాలుగు వీధుల్లో నలుగురు ఆడవాళ్ళను ఎంచుకున్నాం. కాలనీ నుంచి ఇద్దరు, పాలెం నుంచి ఒకరు, పెద్దూరు నుంచి ఒకరు, అందరూ కుళాయి నీళ్ళు తాగేవాళ్ళే. ఒక్కొక్కరికి ఒక రూళ్ళ నోటుబుక్కు. తారీఖు, నీళ్ళు వదిలిన టైము, ఆగిన టైము, కాలవవా బోరువా. పప్పు సాక్ష్యం ఆఫీసులో చెల్లదు కాబట్టి కుర్రాడు ఆన్‌లైన్లో టీడీఎస్ మీటరు తెప్పించాడు. అది ఫ్లోరైడు కొలవదు, నీళ్ళలో కరిగిన లవణాలన్నీ కలిపి చూపిస్తుంది. అయినా మాకు పనికొచ్చింది. కాలవ నీళ్ళకు మూడు వందల లోపు, బోరుకు వెయ్యి పైన. ఏ నీళ్ళో తేలిపోతుంది. ఆయా చెప్పినదానికీ మీటరు చెప్పినదానికీ నెల రోజుల్లో ఒక్కసారి కూడా తేడా రాలేదు.

ఫ్లోరైడుకు వేరే దారి. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్ళకు నీటి పరీక్ష కిట్టు వాడకం నేర్పాలని ఉంది. ఈ ఊళ్ళోనూ నేర్పారు, కిట్టు గ్రామ సచివాలయం బీరువాలో సీలు తియ్యకుండా ఉంది. తీయించాం. కిట్టుతో రంగు చూసి, అనుమానం ఉన్న మూడు శాంపిళ్ళు ల్యాబుకు పంపాం. శాంపిలు గాజు సీసాలో పట్టకూడదు, ఫ్లోరైడుకు ప్లాస్టిక్ సీసానే వాడాలి. తేదీ, టైము, ఎక్కడ పట్టారో సీసా మీద అక్కడికక్కడే రాయాలి. ముందు జాగ్రత్తగా సచివాలయం ఇంజనీరింగ్ అసిస్టెంటును పక్కన నిలబెట్టి పట్టాం. తర్వాత ఎవరూ 'మీరెక్కడో పట్టుకొచ్చారు' అనలేదు.

కాగితం అడిగే పద్ధతి

ఇక ట్యాంకు పైన ఏం జరుగుతోందో తెలియాలి. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు వేశాం. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10. మాస్టారు రాసిన మొదటి చిత్తులో 'మా ఊరికి నీళ్ళు ఎందుకు ఇవ్వడం లేదు' అని ఉంది. అది తీసేశాను. ఆ చట్టం కింద ఆఫీసులో ఉన్న కాగితం ఇస్తారు, లేని జవాబు తయారుచేసి ఇవ్వరు. 'ఎందుకు' అంటే తిప్పి పంపడానికి తేలిక. మూడు నెలల పంపుహౌసు లాగ్‌బుక్కు నకలు, మా లైనుకు వాల్వు తెరిచే టైముల ఉత్తర్వు ఉంటే దాని నకలు, ఏడాది నీటి పరీక్షల నకళ్ళు. మూడే అడిగాం.

ముప్పై రోజులు దాటినా రాలేదు. మొదటి అప్పీలు వేశాక లాగ్‌బుక్కు వచ్చింది. వాల్వు టైముల ఉత్తర్వు 'లేదు' అని రాసి ఇచ్చారు. ఆ 'లేదు' అన్న ముక్క నాకు లాగ్‌బుక్కు కంటే విలువైనదిగా కనిపించింది, ఎందుకో కింద చెబుతాను.

లాగ్‌బుక్కు ప్రకారం మా లైను మీద రోజు మార్చి రోజు ఆరు గంటలు పంపు నడిచింది. మా నోటుబుక్కుల ప్రకారం తొమ్మిది రోజులకొకసారి నీళ్ళు చేరాయి. రెండూ నిజమైతే నీళ్ళు మధ్యలో ఎక్కడో పోతున్నాయి. ఒక పాత వాటర్‌మ్యాన్‌ను వెంటబెట్టుకుని లైను వెంట పద్నాలుగు కిలోమీటర్లు రెండు రోజులు నడిచాం. ఎయిర్ వాల్వులకు సైకిలు ట్యూబులు కట్టి ఉన్నాయి, గొర్రెల కాపర్లు విప్పి నీళ్ళు పట్టి మళ్ళీ కడతారు. మధ్య ఊరి సంపులో, నిండగానే నీళ్ళు ఆపాల్సిన ఫ్లోట్ వాల్వు పనిచేయక నీళ్ళు పొర్లి కుంటలోకి పోతున్నాయి. ఒకచోట పైపు నుంచి ఒక బత్తాయి తోటలోకి సన్న పైపు వెళ్ళింది. తోట ఎవరిదో మా అందరికీ తెలుసు, ఎవరమూ పైకి అనలేదు.

ఆ రాత్రి పెద్ద గొడవ అయింది. కుర్రాడు ఫోటో తీసి పెట్టుకున్నాడు, అర్జీలో మొదటి వాక్యమే అది కావాలన్నాడు. నేను ఒప్పుకోలేదు. తోట పేరు రాసిన మరుక్షణం ఇది నీళ్ళ అర్జీ కాకుండా పోయి పార్టీల తగాదా అవుతుంది. కాలనీలో సగం మంది ఆ తోటలోనే కూలికి పోతారు, వాళ్ళు మా నలుగురి నోటుబుక్కుల మీద సాక్ష్యం చెప్పలేరు. పైగా లెక్క చూస్తే ఆ సన్న పైపు కంటే పొర్లే సంపు వల్ల పోయేదే ఎన్నో రెట్లు. దొంగను వదిలేయడమే కదా అన్నాడు కుర్రాడు. అవును, వదిలేయడమే. ఆ నిర్ణయం మీద నాకు ఇప్పటికీ పూర్తిగా నెమ్మది లేదు.

ఒక పేజీ, రెండు టేబుళ్ళు

కొత్త అర్జీ ఒక్క పేజీ. దాన్ని ఎవరికి రాయాలన్న దాని మీద వారం రోజులు ఆలోచించాను. కలెక్టరుకు రాస్తే కిందికి పంపుతారు. ఏఈకి రాస్తే పైకి అడగాలంటాడు. ఒక లైను మీద ఊళ్ళకు నీళ్ళు పంచే టైములు నిర్ణయించి సంతకం పెట్టగలిగినవాడు ఈఈ, అంటే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. ఉత్తర్వు 'లేదు' అన్న కాగితం మా దగ్గర ఉంది కాబట్టి ఆయన్ని తప్పు పట్టకుండా, లేనిదాన్ని ఉండేట్టు చేయమని అడగొచ్చు. ఏ ఆఫీసరుకైనా పాత తప్పు ఒప్పుకోవడం కంటే కొత్త ఉత్తర్వు ఇవ్వడం సుఖం.

అడిగినవి రెండు. మా ట్యాంకుకు ఏ రోజు, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా వాల్వు తెరుస్తారో ఉత్తర్వు ఇచ్చి సచివాలయం బోర్డు మీద పెట్టండి. మధ్య ఊరి సంపుకు ఫ్లోట్ వాల్వు బిగించండి. జతగా నాలుగు నోటుబుక్కుల సారం ఒక పట్టికగా, లాగ్‌బుక్కు తేదీలు పక్కన పెట్టి. సంతకాలు నలుగురివే, నోటుబుక్కులు రాసినవాళ్ళవి.

ఎంత నీళ్ళు అడగాలన్న దాని మీద మళ్ళీ వాదన. జల్ జీవన్ మిషన్ లెక్క మనిషికి రోజుకు 55 లీటర్లు. మా ట్యాంకు 60 వేల లీటర్లది. రోజు మార్చి రోజు నిండినా పదమూడు వందల మందికి తలా 23 లీటర్లే. "55 మన హక్కు. సగం కూడా అడగకపోతే ఎట్టా?" అన్నాడు కుర్రాడు. ఆయా అడ్డుపడింది. "తాగేదానికి, వండేదానికి ఇరవై చాలు బాబూ. గుడ్డలుతికేదానికి కాలవ నీళ్ళెందుకు?" 55 అడిగితే కొత్త ట్యాంకు, కొత్త అంచనాలు, మంజూరు, ఏళ్ళు పడుతుంది. 23 అడిగితే వాల్వు తిప్పితే చాలు. హక్కు వదులుకోలేదని చివర ఒక వాక్యం చేర్చాం. ఈ ప్రాంతం వాళ్ళకు ఎదురుచూడటం అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఇటు కృష్ణా నీళ్ళు తేవాల్సిన వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది 1996లో.

రెండో టేబులు పంచాయతీది. బోరు నీళ్ళను తాగే ట్యాంకులోకి ఎక్కించడం ఆపి, నేల మీద ఉన్న పాత తొట్లకు కలపాలి. ఇది ఈఈ చేతిలో లేదు. సర్పంచి మొదట అడ్డం తిరిగాడు, రోడ్డుకు దాచిన డబ్బు పోతుందని. అక్కడ ఒక నిబంధన పనికొచ్చింది. అప్పట్లో 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకు ఇచ్చే డబ్బులో 60 శాతం తాగునీటికీ పారిశుధ్యానికే ఖర్చు పెట్టాల్సి ఉండేది. దానితో సిమెంటు రోడ్డు వేయడానికి వీలుండేది కాదు. "మీ రోడ్డు డబ్బు జోలికి మేం రావట్లేదు అయ్యగారూ" అని వార్డు మెంబరమ్మ చెప్పాక ఆయన మెత్తబడ్డాడు. అక్టోబరు గ్రామసభలో తీర్మానం అయింది. ఆ సభకు రోడ్డు మీద కూర్చున్న వీధి వాళ్ళు కూడా వచ్చారు.

ఈఈ కుదరదంటే శాశ్వత లోక్ అదాలత్‌కు వెళ్దామని ఒక కాగితం సిద్ధంగా పెట్టుకున్నాం. నీటి సరఫరా లాంటి ప్రజోపయోగ సేవల తగాదాలు అక్కడ కోర్టు ఫీజు లేకుండా వింటారు. వాడాల్సిన అవసరం రాలేదు. ఈఈ పట్టికను వేలితో ఒక్కో వరసా చదివాడు. "ఇది ఎవరు రాశారు?" అన్నాడు. ఆయా నోటుబుక్కు ముందుకు తోసింది. మూడు వారాల్లో ఉత్తర్వు వచ్చింది.

తర్వాత

2022 డిసెంబరు నుంచి రోజు మార్చి రోజు తెల్లవారుజామున కాలవ నీళ్ళు ఎక్కుతున్నాయి. వేసవిలో చెరువు తగ్గితే నాలుగు రోజులకొకసారి. పాలెం మిట్ట మీద ఉండటంతో ఒత్తిడి చాలక నీళ్ళు ఎక్కలేదు. అక్కడ ఒక సింటెక్స్ ట్యాంకు పెట్టారు, అది నిండే రోజు నిండుతుంది, లేని రోజు లేదు. పాలెంలో నోటుబుక్కు రాసినామె నాతో సరిగ్గా మాట్లాడదు, ఆమె కోపంలో న్యాయం ఉంది. ఎత్తు సంగతి లైను వెంట నడిచినప్పుడే చూడాల్సింది. బత్తాయి తోట పైపు అలాగే ఉంది. ఏఈ బదిలీ అయ్యాక కొత్తాయన రెండు నెలలు పాత పద్ధతికి పోయాడు. బోర్డు మీద టైములు ఉన్నాయి కాబట్టి జనమే వెళ్ళి చూపించారు.

నా పనిలో మారినవి: అర్జీ రాయమని వచ్చినవాళ్ళను ముందు 'ఎవరి సంతకంతో ఈ పని అవుతుంది' అని అడుగుతున్నాను. తెలియకపోతే అర్జీ కంటే ముందు సమాచార హక్కు దరఖాస్తు వేయిస్తాను. అర్జీ తెచ్చినవాళ్ళింట్లో కాకుండా, ఆ కష్టం పడుతున్నవాళ్ళింట్లో ఒక పూట కూర్చుని వస్తాను. పోయిన ఏడాది ఒక పింఛను కేసులో అలా వెళితే అసలు సమస్య వేలిముద్ర మిషనుదని తేలింది, అది ఇంకో కథ.

మొన్న వేసవిలో ఆయా ఫోన్ చేసింది. మధ్య ఊరి ఆడవాళ్ళు వచ్చారట. ఫ్లోట్ వాల్వు బిగించిన దగ్గర్నుంచి వాళ్ళ సంపు సరిగ్గా నిండటం లేదని, ఈ నోటుబుక్కు ఏదో చూపించమని అడిగారట. మన నీళ్ళకే ఎసరు పెట్టేట్టున్నారే, ఇచ్చావా అమ్మా అన్నాను.

"బుక్కు ఇవ్వలేదన్నా. ఎట్టా గీసుకోవాలో చెప్పి, ఆ మీటరు రెండు రోజులు ఇచ్చి పంపిచ్చా."